పురుగులు పండిన రోజు

పంచాయతీ ఆఫీసు నుంచి వచ్చిన కాగితం మీద సముద్రపు ఒడ్డున ఉన్న ఏదో ఊరి వర్ణన ఉంది. కొబ్బరి తోటలు, తెల్లటి ఇసుక, ఆరబెట్టిన వలలు, సాయంత్రం వీచే ఉప్పుగాలి. కంప్యూటర్లో దొరికిన నమూనా అట. ప్రతి ఊరి గురించీ ఇలా ఒక పేజీ కన్నడంలో రాసి ఇస్తే దాన్ని కంప్యూటర్లో ఎక్కిస్తారు, ఊరి మొదట్లో బోర్డు మీద కూడా రాయిస్తారు. మా ఊరి పేజీ నన్ను రాయమన్నారు. నాకు డిగ్రీ ఉంది, చేతిరాత గుండ్రంగా ఉంటుంది, అడిగితే కాదనే నోరు లేదు.

కాగితం తెచ్చి ఇచ్చింది మా పెదనాన్న. ఆయన పంచాయతీ మెంబరు.

"ఇది చూసుకోని మనూరికి తగ్గట్టు మార్చేసెయ్యి పాపా. సముద్రం ఉండే తావున చెరువు పెట్టు. టెంకాయ ఉండే తావున మామిడి పెట్టు. అంతే, ఐపోయ."

నాన్న పాల క్యాను కడుగుతూ, "చేపలుండే తావున?" అన్నాడు.

"రేష్మె పెట్టు. అదే కదప్పా మన విశేషం."

రేష్మె అంటే పట్టు. ఆ మాటకు మా ఇంట్లో ఎవరూ ఎవరి ముఖమూ చూసుకోలేదు. అప్పుడు మా ఇంటి వెనక పురుగులింట్లో పట్టుపురుగులు మూడో జ్వరంలో ఉన్నాయి. ఇంకో పన్నెండు రోజులకు పండుతాయి. పండిన రోజు మాకు సాయానికి ఎవరైనా వస్తారా రారా అన్నది, పురుగులు తెచ్చినప్పటి నుంచీ అమ్మకూ నాన్నకూ నాకూ పట్టుకున్న దిగులు.

నేను పేజీ రాయడం మొదలుపెట్టాను. నమూనాలో ఉన్న అందాలు మా ఊళ్ళో వెతికితే కష్టమే. ఎర్రమట్టి, మట్టికన్నా ఎక్కువ రాయి. ఆ రాతినే చీల్చి కంబాలుగా, అంటే నిలువు స్తంభాలుగా చేసి కంచెలకు అమ్ముతారు. రాగి, మామిడి, టమాటా, పాలు. నీలగిరి తోపుల కింద ఏమీ మొలవదు. చెరువులో ఏళ్ళ తరబడి తుమ్మచెట్లు పెరిగాయి. ఇప్పుడు బెంగళూరు మురుగును శుద్ధి చేసి పైపుల్లో పంపే నీళ్ళతో నిండింది, కానీ ఆ నీళ్ళు ఎవరూ తాగరు. పొద్దున్నే మగవాళ్ళు బంగారుపేట స్టేషనుకు వెళ్ళి బెంగళూరు రైలెక్కుతారు. మిగిలినవాళ్ళు పాల డైరీ ముందు క్యాన్లతో వరస కడతారు. రాబర్ట్‌సన్‌పేటకు రోజుకు రెండు బస్సులు. నేను మూడేళ్ళు ఆ బస్సులోనే కాలేజీకి వెళ్ళి వచ్చాను, కిటికీ పక్క సీటు దొరికితే చదువుకుంటూ, దొరకకపోతే నిలబడి కూడా చదువుకుంటూ.

పేజీలో ఇదంతా రాయలేదు. "పచ్చని మామిడి తోపుల నడుమ ప్రశాంతమైన గ్రామం" అని రాశాను.

మా ఊళ్ళో అందరూ మాట్లాడేది తెలుగు. చదివేది, రాసేది కన్నడం. రేషన్ కార్డు, పెళ్ళిపత్రిక, ఓటరు చీటీ అన్నీ కన్నడమే. తెలుగు అక్షరం చూస్తే కన్నడం లాగే ఉంది కదా అని రెండు ముక్కలు కూడబలుక్కుని, నవ్వి వదిలేస్తారు. తెలుగు చదవగలిగేది మా ఇంట్లోనే ఇద్దరం. అమ్మ, నేను. అమ్మ పుట్టింది ఊరిగాంలో, బంగారు గనుల కంపెనీ పనివాళ్ళకు కట్టిన వరస ఇళ్ళలో, లైన్లలో. ఆమె తండ్రి చిత్తూరు పక్క పల్లె నుంచి బంగారు గనిలో పనికి వచ్చినవాడు. ఆయన దగ్గర ఒక రేకు పెట్టె నిండా తెలుగు పుస్తకాలుండేవి. ఆ పెట్టె అమ్మతో పాటు మా ఇంటికి వచ్చింది. అమ్మ నాకు పలక మీద అక్షరాలు నేర్పింది, పెట్టె తాళం నాకిచ్చింది. అప్పటినుంచీ నేను ఎవరితోనూ చెప్పని మాటలన్నీ తెలుగులో రాసుకుంటాను. కాలేజీలో మిగిలిన నోటుపుస్తకాలే నా డైరీలు. వాటికి తాళం వేయాలని ఎప్పుడూ అనిపించలేదు. ఈ ఊళ్ళో తెలుగు అక్షరమే తాళం అనుకున్నాను. అమ్మ పుస్తకాలు ముట్టడం మానేసి చాలా కాలమైంది కాబట్టి ఆమెను లెక్కలోకి తీసుకోలేదు.

పట్టుపురుగుల గురించి తెలియనివాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. పురుగు పెరిగేటప్పుడు నాలుగుసార్లు తిండి మానేసి, తల ఎత్తి, కదలకుండా పడుకుని చర్మం వదులుతుంది. దాన్నే జ్వరం అంటాం. నాలుగో జ్వరం లేచాక ఏడు రోజులు ఆబగా తింటుంది. వానపడినట్టు చప్పుడవుతుంది పురుగులింట్లో. ఆ తరువాత ఒక పొద్దున తినడం మానేస్తుంది. ఒళ్ళు కుదించుకుపోయి, వెలుతురుకు పెడితే లోపల పసుపు కనిపిస్తుంది. గూడు ఎక్కడ కట్టాలా అని తల ఊపుతూ వెతుకుతుంది. అదే పండడం. అప్పుడు ఒక్కొక్కదాన్నే ఏరి చంద్రికల మీద వేయాలి. చంద్రిక అంటే చాపమీద వెదురు బద్దను చుట్లు చుట్లుగా నిలబెట్టిన తడక. ఆ సందుల్లో పురుగు గూడు కడుతుంది. ఏరడం ఆలస్యమైతే ఆకుల చెత్తలోనే దారం కక్కేస్తుంది, లేదా రెండేసి కలిసి ఒకే గూడు కడతాయి. వాటినుంచి నూలు సరిగా రాదు. వేల పురుగులు, అన్నీ ఒక్కరోజులోనే పండుతాయి. ఏ ఇంటికీ అన్ని చేతులుండవు.

అందుకే ముయ్యి. ఇవాళ నువ్వు మా పనికి వస్తే రేపు నేను మీ పనికి వస్తాను. కూలి లేదు. ఎవరి పురుగులు పండినా వీధి ఆడవాళ్ళంతా ఆ ఇంట్లోనే ఉంటారు. చిన్నప్పటినుంచీ నాకు ఊళ్ళో నచ్చిన రోజులు అవే. ఆ రోజు నేను మాట్లాడకపోయినా ఎవరూ పట్టించుకునేవారు కాదు, చేతులు ఆడితే చాలు. అందరి మధ్య కూర్చుని వినేదాన్ని. ఒకామె తల ఊపే పురుగును ఎత్తి చూపేది.

"వీణ్ణి చూడండి, మా ఇంటాయన మాదిరే తల ఊపుతా ఉండాడు. కట్టేదేమో లేదు."

"మీ ఇంటాయన తల అయినా ఊపుతాడు. మా ఆయన పొద్దుగూకులూ జ్వరంలోనే ఉండాడు."

వీధి చివరింటి అవ్వకు చూపు సరిగా ఆనదు. అయినా అందరికన్నా ముందు ఆమె బుట్టే నిండేది. పురుగును వేలితో తాకి పండిందీ లేనిదీ చెప్పేసేది. "కండ్లున్నోళ్ళకే ఎగతాళి ఎక్కువ, పని తక్కువ," అని అరిచేది. మేమంతా నవ్వేవాళ్ళం.

పురుగులింటికి కొన్ని కట్టుబాట్లున్నాయి. చెప్పుల కాళ్ళతో రాకూడదు. సెంటు, తిరగమోత వాసన తగలకూడదు. గుమ్మానికి వేపకొమ్మ ఉండాలి. నెలసరిలో ఉన్న ఆడది గడప దాటకూడదు. బయట చేరడం అంటాం దాన్ని. దాటితే పురుగులు చస్తాయని అందరి నమ్మకం. చదువుకున్నాను కనుక నేను నమ్మలేదు. నమ్మలేదని ఎవరితోనూ అనలేదు కూడా.

పోయిన ఏడాది వానలు తగ్గాక పెదనాన్న ఇంట్లో పురుగులు నాలుగో జ్వరం లేచాయి. ఆకు వేయడానికి అమ్మా నేనూ ఇంకో ముగ్గురు ఆడవాళ్ళూ వెళ్ళేవాళ్ళం. రెండో రోజు పొద్దున కొమ్మలు పరుస్తుండగా నాకు నెలసరి వచ్చింది. లెక్క ప్రకారం ఇంకా నాలుగు రోజులుంది. చేతిలో కొమ్మలు పరిచేసి, కడుపునొప్పి అని చెప్పి ఇంటికొచ్చేశాను. మధ్యాహ్నం డైరీ రాశాను. ముందురోజు రాయలేదు కాబట్టి దాని సంగతి కూడా ఆ పేజీలోనే రాశాను. ఆ పేజీ ఇంకా నా దగ్గరుంది. పైన ఇలా ఉంది:

"నిన్న సాయంత్రం పెదనాన్న టమాటా తోటకు మందు కొట్టిస్తున్నాడు. గాలి ఆయన మల్బరీ తోట వైపే కొడుతోంది. గట్టుమీద మామిడిచెట్టు కింద పుస్తకం పట్టుకుని కూర్చున్నాను కానీ ఆ వాసనకు కూర్చోలేక లేచి వచ్చాను."

దాని కింద:

"ఇవాళ పురుగులింట్లో ఆకు వేస్తుండగానే బయట చేరాను. ఎవరికీ చెప్పలేదు."

రాసేటప్పుడు పై మాటలకూ కింది మాటలకూ సంబంధం ఉందని నాకు తెలియదు. అప్పటికి పురుగులు బాగానే ఉన్నాయి. ఆ సాయంత్రం నుంచి ఆకుపచ్చటి పసరు కక్కుకుని, మెలికలు తిరిగి చచ్చిపోవడం మొదలైంది. తెల్లవారేసరికి తట్టలన్నీ నల్లబడ్డాయి.

పెదనాన్న వాకిట్లో అందరూ చేరారు. పెద్దమ్మ తల బాదుకుంటోంది. ఆకు వేసిన ఆడవాళ్ళు ఒక్కొక్కరే దేవుడి మీద ఒట్టు వేస్తున్నారు, తాము శుభ్రంగానే ఉన్నామని. పెద్దమ్మ అమ్మ వైపు తిరిగింది.

"నువ్వే అయ్యుంటావు. నీకు మడీ మైలా యాడుండాది? కంపెనీ లైన్లలో పుట్టినదానివి. గనులోళ్ళకు ఇంగ ఏమి తెలుస్తాది!"

పెళ్ళయి పాతికేళ్ళయినా అమ్మను మా ఊళ్ళో గనులామె అనే పిలుస్తారు. నాన్న నేల చూశాడు. అమ్మ కొంగు సర్దుకుని మెల్లగా అంది.

"నేను కాదక్కా. పాప. దాని బుక్కులో అదే రాసుకోనుండాది."

అందరూ నావైపు తిరిగారు. నేను అంతమంది చూపుల ముందు అంతసేపు నిలబడింది అదే మొదలు. నోరు తెరిచి డైరీలో పైన ఉన్న మాటలు కూడా చెప్పి ఉండాల్సింది. గాలి ఎటు వీచిందో, వాసన ఎంతవరకు వచ్చిందో నాకు తెలుసు. పెదనాన్న గోడకు ఆనుకుని వక్క నములుతున్నాడు. అరుగు మీద టమాటా మందు ఖాళీ డబ్బా ఉంది. దాన్ని కాలితో మెల్లగా అరుగు కిందికి తోశాడు. అది కూడా నేను చూశాను.

"ఇంత చదువుకున్నావే, నోరు తెరిచి చెప్పేదానికేమమ్మా? మూడు దినాలు బయట కూర్చుంటే నీ చదువేమన్నా అరిగిపోతాదా?" అంది పెద్దమ్మ.

అప్పటినుంచి ముయ్యికి మమ్మల్ని ఎవరూ పిలవలేదు. నన్నే కాదు, అమ్మను కూడా. గొడవలేమీ లేవు. డైరీ దగ్గర పాలు పోసేటప్పుడు పలకరిస్తారు, పెళ్ళికి పిలుస్తారు, పండక్కి ఒబ్బట్లు పంపుతారు. పక్కింట్లో పురుగులు పండిన రోజు మాత్రం మా గుమ్మం దాటి వెళ్ళిపోతారు. గోడ అవతల నవ్వులు వినిపిస్తాయి. తల ఊపే మొగుడి మాటలే, కొత్తవేమీ ఉండవు. అమ్మ ఆ రోజుల్లో గిన్నెలు రెండోసారి తోముతుంది. ముయ్యి లేదు కనుక మేము ఆ ఏడాది పురుగులు పెట్టలేదు. మల్బరీ ఆకు ఆవులకు వేశాం. ఈసారి నాన్న పట్టుబట్టి తెచ్చాడు. "ఏడాది అయిందిలే, వస్తారు," అన్నాడు.

పేజీ చిత్తుప్రతి చూడడానికి పెదనాన్న వచ్చిన రోజుకు మా పురుగులు నాలుగో జ్వరం లేచి రెండు రోజులైంది. అరుగు మీద కూర్చుని గట్టిగా చదివాడు.

"బాగుండాది, బాగుండాది. 'ప్రశాంతమైన గ్రామం', బాగుండాది. విశేషాలు అన్న తావున ఇంగొకటి వెయ్యి. ఈ ఊరి ఆడవాళ్ళు ఒకరి పంటకు ఒకరు చెయ్యి వేస్తారు, కూలి లేకుండా. ఇట్లాంటిది సముద్రం పక్క ఊళ్ళలో యాడుండాది?"

తల ఊపాను. నేను ఊపేది తలే.

ఆయన కాగితం మడుస్తూ నాన్నతో అన్నాడు. "మీ పురుగులు నాలుగో జ్వరం లేసినాయంట కదప్పా. టమాటాకు మందు కొట్టాల్సింది. నాలుగు దినాలు నిలిపినాను. గాలి మీ తోట పక్కే ఉండాది. ఆకుమీద పడితే ఇంగ ఏముండాది, అంతే కదా."

అనేశాక ఆయన చేయి ఒక్క క్షణం ఆగింది. నాన్న క్యాను మూత గట్టిగా నొక్కాడు. "మంచిదిలే అన్నా," అన్నాడు. పెదనాన్న కాగితం నాకిచ్చి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

అమ్మ తోటలో ఆకు కోస్తోంది. నేను నేరుగా అక్కడికి వెళ్ళాను. జీవితంలో నేనై మొదలుపెట్టిన మాటలు తక్కువ. వాటిలో ఇది ఒకటి.

"అమ్మా, ఆ దినం నా బుక్కులో ఏం చదివినావు?"

"పాత సంగతి ఇప్పుడేల?"

"బయట చేరినానని రాసిందానికి పైన మందు సంగతి ఉండె. అది చదివినావా లేదా?"

కొడవలి ఆగలేదు. నాలుగైదు కొమ్మలు కోశాక చెప్పింది.

"చదివినాను."

"మరి అది ఏల చెప్పలేదు?"

"బోరు యాడుండాది?" అంది అమ్మ. "ఆయన పొలంలో. కరెంటు మీటరు ఎవరి పేరుమీద ఉండాది? ఆయన మందు కొట్టి ఆయన పురుగుల్నే చంపుకున్నాడని అందరి ముందర నేను అంటే, మర్నాడు మన తోటకు నీళ్ళు వదులుతాడా? ఆడపిల్ల మీద అయితే నాలుగు దినాలు అంటారు, మర్చిపోతారు."

"మర్చిపోలేదు కదమ్మా."

"మర్చిపోరని నాకేం తెలుసు?"

అమ్మ కోసిన కొమ్మలు మోపుగా కట్టింది. మోపు నా తలకెత్తడానికి వంగి, ఎత్తకుండానే ఆగి అంది. "నా మీదే వేసుకోనుండచ్చు. నేనే అని ఉండచ్చు. ఆ మాట నోటికి రాలే. పాతికేండ్లు గనులామె, గనులామె అనిపించుకోని చాలయ్యింది నాకు."

మోపు నా తలమీద పెట్టింది. ముందు నేను, వెనక అమ్మ, ఇంటికి నడిచాం. తోటలో బోరు నీళ్ళు ఒక్కరోజు కూడా ఆగలేదన్నది నిజం. ఆ నీళ్ళతో పెరిగిన ఆకే మోస్తున్నాను.

పండబోయే ముందురోజు అమ్మ వీధిలో ప్రతి ఇంటికీ వెళ్ళి చెప్పి వచ్చింది. పద్ధతి అదే. గడప బయట నిలబడి, రేపు మా పురుగులు పండతాయి, రండమ్మా అనాలి. అందరూ వస్తామనే అన్నారు. మా ఊళ్ళో రానని ఎవరూ అనరు. అమ్మ రాగిముద్దలు చేయడానికి పెద్ద పాత్ర కడిగి పెట్టింది, పదిమందికి సరిపడేది. గుమ్మానికి కొత్త వేపకొమ్మ కట్టింది. నా నెలసరి ఎప్పుడో అమ్మే లెక్క చూసుకుని, వేళ్ళు మడిచి, ఇంకా పదహారు రోజులుందని నాన్నకు వినపడేలా చెప్పింది.

పొద్దున పురుగులు తల ఎత్తాయి. అద్దె చంద్రికలు గోడకు వరసగా ఆనించి ఉన్నాయి. మేము ముగ్గురం కూర్చున్నాం. ఎండ గుమ్మం దాకా వచ్చింది. వీధిలో అడుగుల చప్పుడైనప్పుడల్లా అమ్మ చేతులు నిదానించేవి. అడుగులు దాటి వెళ్ళిపోయేవి. ఒకామెకు జ్వరమట. ఒకామె ఆవు ఈనబోతోందట. పెద్దమ్మకు రాబర్ట్‌సన్‌పేటలో పనిపడిందట, పొద్దున బస్సుకే వెళ్ళిపోయింది. మిగిలినవాళ్ళు ఏ కారణమూ చెప్పి పంపలేదు.

నా వేళ్ళు పసరుతో బంకగా అయ్యాయి. పండినవీ పండనివీ కలిపి ఎత్తుతున్నాను. నాన్నకు ఈ పని అలవాటు లేదు, పురుగును గట్టిగా పట్టుకుంటాడు, రెండు మూడు చేతిలోనే చితికిపోయాయి. మధ్యాహ్నానికి కిందితట్టల్లో పురుగులు ఆకుల ఈనెల మధ్య పసుపుదారం కక్కడం మొదలుపెట్టాయి. కొన్ని గోడెక్కాయి. కొన్ని చీపురు పుల్లల మధ్య గూడు కట్టుకున్నాయి. అమ్మ ఏడవలేదు. "ఆ పక్కది తియ్యి, దీన్ని వదిలేయి," అంటూనే ఉంది. పొద్దు వాలేసరికి సగం కూడా చంద్రికలకెక్కలేదు. పెద్ద పాత్రలో రాగిముద్దలు అలాగే ఉన్నాయి. వాటిని ఆవులకు వేశాం.

వారం తరువాత గూళ్ళు విడిపించాం. మంచివి ఒక బుట్టలో, జోడుగూళ్ళూ పలచటివీ ఇంకో బుట్టలో వేస్తే, రెండో బుట్టే బరువుగా ఉంది. పాల డైరీ దగ్గర పెద్దమ్మ అడిగింది, "ఎట్లాయ పంట?" అని. "బాగుండాది అక్కా," అంది అమ్మ.

ఆ సాయంత్రమే పంచాయతీ పేజీ సాపు రాసి ఇచ్చాను. విశేషాలు అన్న చోట పెదనాన్న చెప్పిన వాక్యం రాశాను. ఒకరి పంటకు ఒకరు చెయ్యి వేస్తారు అని, గుండ్రటి అక్షరాలతో, కొట్టివేతలు లేకుండా. రాయనని చెప్పవచ్చు. ఖాళీగా వదిలేయవచ్చు. రాసేశాను. ఇప్పుడది ఊరి మొదట్లో నీలం బోర్డు మీద ఉంది. బస్సు దిగగానే కనిపిస్తుంది.

ఆ తరువాత డైరీ తీసి పురుగులు పండిన రోజు సంగతంతా రాశాను. ఎవరూ రాలేదు అని రాశాను. ఈసారి పుస్తకాల మధ్య దాచలేదు, అరుగుమీద వదిలేసి నీళ్ళు తోడడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి అమ్మ అక్కడే కూర్చుని చదువుతోంది. చదివే అలవాటు తప్పింది కదా, వేలు పెట్టి కూడబలుక్కుంటోంది. నన్ను చూసి దాచలేదు.

"ఇది తప్పు," అంది. "ఎవరూ రాలేదని ఏల రాసినావు? అవ్వ వచ్చింది కదా."

వచ్చింది. మధ్యాహ్నం దాటాక, వీధి తలుపున కాకుండా పెరటి కంచె తడుముకుంటూ వచ్చింది. చివరింటి అవ్వ. "నాకు ముట్టు ఆగి ముప్పై ఏండ్లాయ, ఇంగ నన్నేం చేస్తాది మైల," అంటూ తట్ట ముందు చతికిలబడింది. వేళ్ళతో తాకి తాకి ఏరింది. రెండు చంద్రికలు ఆమె ఒక్కతే నింపింది. రాగిముద్ద పెడతానంటే వద్దంది. వెళ్ళేటప్పుడు నా చేయి పట్టుకుని మెల్లగా అంది.

"నేనొచ్చినట్టు ఎవరికీ తెలియకూడదు పాపా. వచ్చే వారం మా కోడలి పురుగులు పండతాయి. నేను ఈడికొచ్చినానని తెలిస్తే మా ఇంటికి ఎవరొస్తారు? నీ బుక్కులో గూడ రాయొద్దు."

ఆమె చీర కుచ్చిళ్ళకు ఒక పండుపురుగు అంటుకుని ఉంది. దాన్ని తీసి చంద్రికలో వేశాను. కంచె దాకా తోడు వెళ్ళాను.

"రాయి," అంది అమ్మ, పుస్తకం నా ముందుకు తోసి. "జరిగింది జరిగినట్టు రాయాల."

అమ్మ నోట ఆ మాట విని నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అవ్వ కోడలి పురుగులు పండడానికి అప్పటికింకా రెండు రోజులుంది. కలం తీసి కింద రాశాను. అవ్వ వచ్చింది, రెండు చంద్రికలు నింపింది, పెరటి దారిన వెళ్ళింది. అమ్మ తప్ప ఈ ఊళ్ళో దీన్ని చదవగలిగినవాళ్ళు లేరు. పోయిన ఏడాది కూడా ఇలాగే అనుకున్నాను.